మూడో రౌండ్‌లో కాళ్లు బరువెక్కితే ఎనర్జీ డ్రింక్ ఏం చేస్తుంది, ఏం చేయలేదు

తమ్ముడూ, ముందు నువ్వు అడిగింది కుదించి పెడతాను. హన్మకొండలో తెల్లవారుజామున గ్రౌండ్‌కొచ్చే పిల్లల్లో చాలామంది నన్ను ఆపి అడిగేది ఇదే.

నీకు 23 ఏళ్లు, బరువు 62 కిలోలు. పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు, అంటే ఉరుకుడు, జంప్ లాంటి శారీరక పరీక్షలకు తయారవుతున్నావు. సాయంత్రం నుంచి రాత్రి 11 దాకా కొరియర్ గోదాంలో పని. పడుకునేసరికి 12 దాటుతుంది, పొద్దుగాల 4:45కు లేస్తావు. గ్రౌండ్‌కు పోతూ దారిలో 20 రూపాయల ఎనర్జీ డ్రింక్ సీసా ఒకటి, రాత్రి 8 గంటలకు డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి ఇంకొకటి. మధ్యలో మూడు నాలుగు చాయ్‌లు. రోజూ 1600 మీటర్లు ఫుల్ స్పీడ్‌తో ఉరికి టైం చూసుకుంటున్నావు. మొదటి రెండు రౌండ్లు హుషారుగా పోతాయి, మూడో రౌండ్‌లో కాళ్లు బరువెక్కుతాయి, గుండె దడ. నెల రోజులుగా 7 నిమిషాల 40 సెకన్ల దగ్గరే ఆగిపోయావు. రెండు సీసాలు తాగి ఉరికితే ఎట్లుంటుంది, జిమ్ అన్న ఇస్తానన్న ప్రీ వర్కవుట్ పొడి (వ్యాయామానికి ముందు వేసుకునేది) వాడొచ్చా, కెఫీన్ ఒంట్లో నీళ్లు లాగేస్తుందంటున్నారు నిజమేనా, డోపింగ్ కింద వస్తుందా. చివర్లో మీ తమ్ముడి సంగతి కూడా అడిగావు.

రెండో సీసా వద్దు. పొడి అసలే వద్దు. కెఫీన్ మాత్రం బూటకం కాదు, పని చేస్తుంది. కాకపోతే నీకు కావాల్సిన 25 సెకన్లు ఆ సీసాలో లేవు. ఎక్కడున్నాయో నీ దోస్తు వాచీలో పట్టిన రౌండ్ టైముల్లోనే కనబడుతోంది.

92, 108, 126, 134. ఇవి నువ్వు పంపిన నాలుగు రౌండ్లు. కలిపితే 460 సెకన్లు. తెలంగాణ పోలీసు నియామకాల 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లకు 1600 మీటర్లకు ఇచ్చిన గడువు 7 నిమిషాల 15 సెకన్లు, అంటే 435. నాలుగుతో భాగిస్తే రౌండ్‌కు 108 సెకన్ల పైచిలుకు. నీ రెండో రౌండ్ సరిగ్గా 108. అదే వేగం నాలుగు రౌండ్లూ పట్టగలిగితే 7:12కు గీత దాటుతావు. మొదటి రౌండ్‌లో నువ్వు మిగిల్చుకున్నది 16 సెకన్లు. దానికి కట్టిన వడ్డీ మూడో రౌండ్‌లో 18, నాలుగో రౌండ్‌లో 26. ఇదంతా బలం చాలక వచ్చింది కాదు, మొదట్లోనే ఎక్కువ వేగం పెట్టడం వల్ల వచ్చింది. ఆ మొదటి రౌండ్ హుషారులో నీ సీసా వాటా కూడా ఉంది. ఎట్లనో చెప్తాను.

కండరం పని చేస్తున్నప్పుడు, మెదడు మెలకువగా ఉన్నంతసేపూ, కణాలు ఏటీపీ అనే ఇంధనాన్ని విరగ్గొట్టుకుంటూ వాడుకుంటాయి. అట్లా విరిగినప్పుడు మిగిలే ముక్కల్లో ఒకటి అడినోసిన్. పొద్దంతా అది మెదడులో పోగవుతూ ఉంటుంది. మెదడు కణాల మీద దానికోసం ప్రత్యేకంగా గ్రాహకాలుంటాయి. అడినోసిన్ వచ్చి వాటిలో కూర్చుంటే మెదడుకు ‘ఇక చాలు, నెమ్మదించు’ అనే కబురు అందుతుంది. నిద్రమత్తు, బద్ధకం, ఒళ్లు బరువు అన్నీ దాని పనే. కెఫీన్ ఆకారం దాదాపు అడినోసిన్ లాగే ఉంటుంది. అందుకని అదే చోట కూర్చుంటుంది, కానీ కబురు మాత్రం పంపదు. పండుగ రోజు హన్మకొండ బస్టాండ్‌లో బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేస్తారు చూడు, కెఫీన్ చేసేది అదే పని. సీటు ఆగింది, అంతే. అడినోసిన్ ఎక్కడికీ పోలేదు, ఫుట్‌బోర్డ్ మీద నిలబడే ఉంది, ఇంకా ఎక్కుతూనే ఉంది. కర్చీఫ్ తీసిన మరుక్షణం అందరూ ఒకేసారి కూలబడతారు. మధ్యాహ్నం నీకు తల దిమ్ముగా అయ్యేది అప్పుడే.

అంటే కెఫీన్ నీకు శక్తి ఇవ్వదు. దాంట్లో కేలరీలు లేవు. అలసట కబురును ఆలస్యం చేస్తుంది. ఉరికేవాడికి ఇది లాభమే, తక్కువ చేసి చెప్పను. 1978లో అమెరికాలో కాస్టిల్ అనే శాస్త్రవేత్త బృందం సైక్లిస్టులకు 330 మి.గ్రా. కెఫీన్ ఇచ్చి చూస్తే, 75 నిమిషాలకు చేతులెత్తేసినవాళ్లు 90 నిమిషాల దాకా తొక్కారు. కెఫీన్ కొవ్వును కరిగించి కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే చక్కెరను మిగులుస్తుందని అప్పట్లో అనుకున్నారు. ఆ వివరణ తర్వాతి పరిశోధనల్లో పెద్దగా నిలబడలేదు. ఇప్పుడు ప్రధానంగా చెప్పేది మెదడు సంగతే. ఒకే వేగంతో ఉరుకుతున్నా, కెఫీన్ తీసుకున్నవాళ్లకు కష్టం కొంచెం తక్కువగా అనిపిస్తుంది. ‘ఎంత కష్టంగా ఉంది’ అని 6 నుంచి 20 దాకా అంకె చెప్పించే బోర్గ్ స్కేల్ ఒకటుంది. దాని మీద ఆ తేడా సుమారు 5, 6 శాతం.

ఇప్పుడు మొదటి రౌండ్ చూడు. తెల్లవారుజాము, చల్లగాలి, పక్కన పదిమంది, ఒంట్లో కెఫీన్. కష్టం తెలియట్లేదు కాబట్టి 92లో కొట్టేశావు. తెలియనంత మాత్రాన కండరంలో జరిగేది ఆగదు. ఆక్సిజన్ అందే లెక్కకు మించి వేగం పెట్టినప్పుడు ఫాస్ఫేట్, ఆమ్లం పేరుకుపోయి కండరం ముడుచుకునే బలం తగ్గుతుంది. లాక్టిక్ యాసిడ్ వల్ల కాళ్లు పట్టేస్తాయని గ్రౌండ్‌లో అందరూ అంటారు గానీ లాక్టేట్‌ను శరీరం ఇంధనంగానే వాడుకుంటుంది, నేరం దానిది కాదు. ఏదైనా గానీ, ఈ పేరుకున్నదాన్ని కెఫీన్ తుడవలేదు. మూడో రౌండ్‌లో నీకు అడ్డం వస్తున్నది ఇదే.

లాభం ఎంత అన్నది అసలు లెక్క. ప్రయోగాల్లో కనిపించే మెరుగు సాధారణంగా 2 నుంచి 4 శాతం. నీ 435 సెకన్లలో 3 శాతం అంటే 13 సెకన్లు. వినడానికి బాగుంది. కానీ ఆ ఫలితం వచ్చింది కిలో బరువుకు 3 నుంచి 6 మి.గ్రా. ఇచ్చినప్పుడు. 62 కిలోల మనిషికి 3 చొప్పున వేసినా 186 మి.గ్రా. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం ప్రకారం కెఫీన్ పానీయంలో లీటరుకు 300 మి.గ్రా. మించకూడదు. 250 మి.లీ. సీసాలో ఎంత ఎక్కువ వేసుకున్నా 75 మి.గ్రా. అంటే నీకు కిలోకు 1.2 చొప్పున పడుతోంది. అంత తక్కువ మోతాదుకు టైమింగ్‌లో చెప్పుకోదగ్గ తేడా వస్తుందని నేను హామీ ఇవ్వలేను. తాగాను కాబట్టి ఉరకగలను అన్న నమ్మకం కూడా కొంత పని చేస్తుంది, దాన్నీ కొట్టిపారేయను. నమ్మకానికి రోజుకు 20 రూపాయలు ఖర్చు అవసరమా అన్నది నువ్వే ఆలోచించుకో.

తారనాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో 150 మి.లీ. కప్పు లెక్కన ఫిల్టర్ లాంటి కాచిన కాఫీలో 80 నుంచి 120 మి.గ్రా., ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, చాయ్‌లో 30 నుంచి 65 మి.గ్రా. కెఫీన్ ఉంటుందని రాశారు. మీ అమ్మ పెట్టిచ్చే ఒక గట్టి కాఫీ, నీ సీసా కంటే తక్కువేం కాదు.

మన హన్మకొండ జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) ట్రాక్ మీదే ఒక ఉదాహరణ ఉంది. 2021 సెప్టెంబర్‌లో ఇక్కడ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగినప్పుడు హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లలో ఉరికి, 2002లో సునీతా రాణి పెట్టిన 4:06.03 జాతీయ రికార్డు దాటింది. పంతొమ్మిదేళ్లు నిలిచిన రికార్డు, తేడా 0.64 సెకన్లు, శాతంలో చెప్పాలంటే పావు శాతం. ఆ స్థాయిలో ఉన్నవాళ్లకు శిక్షణలో పిండుకోవాల్సిందంతా పిండుకున్నాక ఒక శాతం, అర శాతం కోసం కెఫీన్ మోతాదులు లెక్కపెట్టుకోవడంలో అర్థముంది. నువ్వు ఇంకా నిద్ర, పేసింగ్ (వేగాన్ని రౌండ్లకు సమంగా పంచుకోవడం), వారం ప్లాన్ ఏదీ ముట్టుకోలేదు. తల్లివేరు వదిలి చివరి ఆకుకు నీళ్లు పోస్తున్నావు.

సీసాలోని చక్కెర సంగతి. డ్రింక్ పేరులో ఎనర్జీ ఉంది కాబట్టి ఇంధనం దొరుకుతుందని అనుకుంటారు. 62 కిలోల మనిషి 1600 మీటర్లు ఉరికితే ఖర్చయ్యేది సుమారు 100 కేలరీలు. నీ కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ మామూలుగా తిని పడుకున్నా వెయ్యి కేలరీలకు పైనే. ఏడు నిమిషాల పరుగులో ఇంధనం అయిపోయి ఎవరూ ఆగరు. రెండు గంటలు సైకిల్ తొక్కేవాడికి చక్కెర కావాలి, నీకు అక్కర్లేదు. పైగా కొన్ని డ్రింకుల్లో 100 మి.లీ.కి 11 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. అంత చిక్కటిది కడుపులోంచి నెమ్మదిగా దిగుతుంది, దానికి గ్యాస్ తోడు. పక్కటెముకల కింద సూదిలా పొడుస్తోందని రాశావు చూడు, ఉరికే ముందు ఇట్లాంటివి తాగినవాళ్లలో అది మామూలే. ఉరకడానికి అరగంట, ముప్పావు గంట ముందు చక్కెర తాగితే కొందరికి ఇన్సులిన్ పెరిగి సరిగ్గా మొదలుపెట్టే వేళకు రక్తంలో చక్కెర పడిపోవడం కూడా ఉంది. మిగతావి, టారిన్, బి విటమిన్లు, జిన్సెంగ్, లేబుల్ మీద అందంగా కనిపిస్తాయి. ఒంట్లో బి విటమిన్ లోటు లేనివాడికి సీసాలోని విటమిన్ అదనపు దమ్ము ఇవ్వదు.

ఇవన్నీ ఒక ఎత్తు, రాత్రి 8 గంటల సీసా ఒక ఎత్తు. నన్నడిగితే నీ 7:40కు పేసింగ్ తర్వాత రెండో కారణం అదే.

రక్తంలో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. మనిషిని బట్టి 3 నుంచి 7 దాకా తేడా ఉంటుంది. కాలేయంలో దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ కొందరిలో చురుకు, కొందరిలో మందం, అది పుట్టుకతో వచ్చేది. రాత్రి 8కి తాగినదాంట్లో సగం ఒంటిగంటకు ఇంకా నీ మెదడులో సీటు ఆపుకునే ఉంది. పండుకున్న వెంటనే నిద్ర పట్టేస్తోంది, నాకేం తేడా లేదు అంటావు. అలసిపోయినవాడికి నిద్ర పడుతుంది. గాఢనిద్ర తగ్గుతుంది, అది నీకు తెలియదు. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో, పడుకోవడానికి 6 గంటల ముందు 400 మి.గ్రా. కెఫీన్ తీసుకున్నవాళ్లు గంటకు పైగా నిద్ర పోగొట్టుకున్నారు. నీ సీసాలో అంత లేదు, నిజమే. కానీ నువ్వు తాగేది 6 గంటల ముందు కాదు, 4 గంటల ముందు. పైన చాయ్‌లు. మొత్తం నిద్ర నాలుగున్నర గంటలు, అందులో కూడా కోత.

పొద్దుగాల లేవగానే ఒళ్లు మొద్దుబారి ఉంటుంది కాబట్టి సీసా కావాలనిపిస్తుంది. అది దిగిపోయాక మధ్యాహ్నం చాయ్, సాయంత్రం నిద్ర కమ్ముతుంది కాబట్టి మళ్లీ సీసా, ఆ సీసా వల్ల రాత్రి నిద్ర చెడుతుంది, మళ్లీ పొద్దుగాల. నువ్వు కెఫీన్‌తో అలసట తీర్చుకోవట్లేదు, నిన్నటి కెఫీన్ తెచ్చిన అలసటను నేటి కెఫీన్‌తో కప్పుతున్నావు. కండరం బలపడేది గ్రౌండ్‌లో కాదు, నిద్రలో. ఇంత కష్టపడి రోజూ ఉరికినా టైం కదలకపోవడానికి నిద్ర లేమి ఒక్కటే చాలు.

గోదాం పని మానేయమని చెప్పే స్థితిలో నేను లేను, ఇంటి పరిస్థితి రాశావు. కానీ పొద్దుగాల 5 గంటలకే ఉరకాలన్న రూల్ ఎవరు పెట్టారు? నీ డ్యూటీ సాయంత్రం కదా. 12కు పడుకుని 6:30కు లేచి 7:15కు గ్రౌండ్‌కు రా. ఎండాకాలం మాత్రం కష్టం, వరంగల్‌లో మే నెలలో 7 దాటితే చెమటతోనే ప్రాణం పోతుంది. అప్పుడు తెల్లవారే రా, కానీ మధ్యాహ్నం తిన్నాక గంటన్నర పడుకో. డ్యూటీకి ముందు ఇరవై నిమిషాల కునుకు నీ రాత్రి సీసా కంటే మేలు చేస్తుంది, ఖర్చు లేదు.

సీసా ఒక్కసారిగా మానకు. రోజూ తాగేవాడు హఠాత్తుగా ఆపితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు మొదలై రెండు రోజులు గట్టిగా ఉంటాయి. కొందరికి వారం దాటుతుంది. ముందు రాత్రి సీసా సగం చెయ్, నాలుగైదు రోజులకు పూర్తిగా తీసెయ్. తర్వాత మధ్యాహ్నం 2 దాటాక చాయ్ ముట్టకు. పొద్దుటిది చివరికి చూద్దాం. ఈవెంట్స్‌కు రెండు రోజుల ముందు మానేసే పిచ్చి పని మాత్రం చేయొద్దు. మానేసి మళ్లీ తాగితే బాగా ఎక్కుతుందని ఎవరో చెబుతుంటారు. అలవాటున్నవాళ్లకు కూడా కెఫీన్ లాభం దొరుకుతూనే ఉంటుంది, అందుకోసం మానాల్సిన పని లేదు.

రెండు సీసాలు ఒకేసారి తాగితే? 150 మి.గ్రా. కెఫీన్‌తో పాటు చక్కెర, గ్యాస్ కూడా రెట్టింపు. సీసా మీద చిన్న అక్షరాలు చదివితే రోజుకు 500 మి.లీ. మించొద్దని రాసి ఉంటుంది. ఆ రోజు కోటా మొత్తం ఉరకడానికి ముందే కడుపులో పోసుకున్నట్టు. పోషకాహార సంస్థ చెప్పిన హద్దు రోజుకు 300 మి.గ్రా. నీ రెండు సీసాలు, నాలుగు చాయ్‌లు కలిపితే ఇప్పటికే ఆ దరిదాపుల్లో ఉన్నావు.

జిమ్ అన్న పొడి గురించి కోపం వస్తుంది గానీ నెమ్మదిగానే చెప్తా. ప్రీ వర్కవుట్ పొడుల్లో ఒక్క స్కూప్‌కు 200, 300 మి.గ్రా. కెఫీన్ ఉండటం మామూలు. స్కూప్ అంటే గుండుగా తీశావా గీసి తీశావా అన్నదాన్ని బట్టే మోతాదు మారిపోతుంది. విప్పి అమ్మే పొడిలో లేబుల్ కూడా ఉండదు. నీళ్లు లేకుండా నోట్లో వేసుకుని మింగే ఫ్యాషన్ ఒకటి వచ్చింది, అది గుండెతో ఆట. శుద్ధ కెఫీన్ పొడి ఒక్క టీస్పూన్‌లో 3 గ్రాములకు పైగా ఉంటుంది. అంత ఒకేసారి పోతే మనిషి ప్రాణానికే ప్రమాదం.

డోపింగ్ ప్రశ్న కూడా ఇక్కడే తేలుతుంది. కెఫీన్‌కు ఒకప్పుడు ఒలింపిక్ నిబంధనల్లో హద్దు ఉండేది. మూత్రంలో మిల్లీలీటరుకు 12 మైక్రోగ్రాములు దాటితే పట్టుకునేవారు. 2004 జనవరి 1 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నిషేధిత జాబితాలో కెఫీన్ లేదు, గమనించే జాబితాలో మాత్రం ఉంచారు. చాయ్, కాఫీ తాగినందుకు నిన్నెవరూ ఏమీ అనరు. విప్పి అమ్మే పొడుల్లో కెఫీన్‌తో పాటు నిషేధిత ఉత్ప్రేరకాలు కలిసిన సందర్భాలు ప్రపంచమంతా బయటపడ్డాయి. రేపు జిల్లా మీట్‌కో రాష్ట్ర మీట్‌కో ఉరికితే అక్కడ దొరికేది నువ్వు, పొడి అమ్మినవాడు కాదు.

నీళ్లు లాగేస్తుందన్నది సగం నిజం. కెఫీన్‌కు మూత్రం ఎక్కువ చేసే గుణం కొంచెం ఉంది. అలవాటున్నవాళ్లలో మామూలు మోతాదుకు అది లెక్కలోకి రాదు, కాఫీలో ఉన్న నీళ్లు ఒంటికి పడతాయి. నీ నీళ్లు పోయేది చెమటలో. అందుకు ఎనర్జీ డ్రింక్ పరిష్కారం కాదు, దాంట్లో ఒంటికి కావాల్సిన లెక్కలో ఉప్పు ఉండదు. మామూలు నీళ్లు, మజ్జిగలో చిటికెడు ఉప్పు చాలు. విరేచనాలైనప్పుడు, ఎండదెబ్బ తగిలినప్పుడు మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ పొడి అడుగు, డబ్బాలో అమ్మే తీపి నీళ్లు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని రాయొద్దని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. ఆ పోరాటం ఏళ్ల తరబడి చేసింది హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్.

గుండె దడ గురించి ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. నాకు అన్నింటికన్నా ఎక్కువ పట్టింది అదే. ఫుల్ స్పీడ్‌లో గుండె వేగంగా కొట్టుకోవడం సహజం. ఉరకడం ఆపి కూర్చున్నాక కూడా పది నిమిషాలు దాటి దడ ఉంటే, కొట్టుకోవడంలో లయ తప్పినట్టు అనిపిస్తే, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఉరుకుతూ స్పృహ తప్పడం, వీటిలో ఏది ఉన్నా సీసా ఆ రోజే బంద్, ఉరకడం కూడా బంద్. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి గానీ దగ్గర్లోని ఏ పెద్ద ఆసుపత్రికి గానీ పోయి ఈసీజీ తీయించుకో, డాక్టర్ చెబితే ఎకో (గుండె స్కాన్) కూడా. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయి ఉంటే ఆ మాట డాక్టర్‌కు తప్పక చెప్పు. గుండె కండరం పుట్టుకతోనే మందంగా ఉండే జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది, మామూలుగా తిరిగేటప్పుడు బయటపడదు. ఏమీ లేదని తేలితే మంచిదే, ఒక పూట పోతుంది అంతే.

ఆసుపత్రికి ఎట్లాగూ పోతావు కాబట్టి హిమోగ్లోబిన్ కూడా చూపించుకో. మగవాళ్లకు 13 కంటే తక్కువ, ఆడవాళ్లకు 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత. అది ఉన్నవాడు ఏ డ్రింక్ తాగినా ఆక్సిజన్ మోసేది లేక మూడో రౌండ్‌లో ఆగుతాడు. 800 మీటర్లకు తయారయ్యే చెల్లెళ్లు ఇది చదువుతుంటే వాళ్లకు మరీ ముఖ్యం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. గ్రౌండ్‌లో ‘దీనికి దమ్ము లేదు’ అని కోచ్‌లు తిట్టే అమ్మాయిల్లో ఎందరికి అసలు రక్తమే లేదో ఎవరూ చూడరు. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగే అలవాటు ఇందులో ఒక కారణం, చాయ్‌లోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ వద్దని పోషకాహార సంస్థ అదే పుస్తకంలో చెప్పింది.

ఇక గ్రౌండ్ పని. రోజూ ఫుల్ స్పీడ్‌తో 1600 ఉరికి టైం చూసుకోవడం ఆపెయ్. అది పరీక్ష, చదువు కాదు. 10 రోజులకొకసారి చాలు. ఈ దూరంలో 80 శాతానికి పైగా శక్తి ఆక్సిజన్‌తో వచ్చేదే, అది పెరిగేది నెమ్మది పరుగుతో. వారంలో రెండు రోజులు మాట్లాడుకుంటూ ఉరకగలిగే వేగంతో 35, 40 నిమిషాలు. వడ్డేపల్లి కట్ట మీదైనా సరే, భద్రకాళి బండ్ మీదైనా సరే, వాచీ ఇంట్లో పెట్టి రా. ఒక రోజు 400 మీటర్లు ఐదారు సార్లు, ఒక్కోటి 106 నుంచి 108 సెకన్లలో, మధ్యలో 2 నిమిషాల నడక. 95లో వస్తే శభాష్ అనను, తప్పు చేశావంటాను. ఇంకో రోజు 15 నిమిషాలు కొంచెం గట్టిగా, ఒకటి రెండు మాటలే మాట్లాడగలిగే వేగం. మిగతా రోజుల్లో ఒకటి పూర్తి విశ్రాంతి, ఇంకోటి లాంగ్ జంప్, షాట్‌పుట్.

108 అంటే 100 మీటర్లకు 27 సెకన్లు. ట్రాక్ మీద ప్రతి 100 గుర్తు దగ్గరా 27, 54, 81, 108 అని మనసులో పట్టుకో. మొదటి 100 నీకు నవ్వొచ్చేంత నెమ్మదిగా అనిపిస్తుంది, పక్కవాళ్లంతా దాటిపోతారు. పోనీ. మూడో రౌండ్‌లో వాళ్లలో సగం మంది నీకు ఎదురుపడతారు.

ఇట్లా నాలుగు వారాలు అయ్యాక, నిద్ర ఆరు గంటలు దాటాక, అప్పుడు కెఫీన్ పరీక్షించి చూద్దాం. పది రోజుల తేడాతో రెండు టైం ట్రయల్స్, ఒకటి కాఫీతో, ఒకటి లేకుండా. మోతాదు కిలోకు 2 నుంచి మొదలుపెట్టు. నీకు 120 మి.గ్రా. చాలు, అంటే గట్టి ఇన్‌స్టంట్ కాఫీ రెండు కప్పులు. ఉరకడానికి 45 నిమిషాల నుంచి గంట ముందు. ఖాళీ కడుపున కాదు. అంతకు గంట ముందే రెండు ఇడ్లీలో ఒక అరటిపండో తిని ఉండాలి. నీ ఒంటికి పడితే టైంలో తెలుస్తుంది. చేతులు వణకడం, కడుపులో తిప్పడం, మళ్లీ దడ వస్తే నీకు అది పడదు, అంతటితో వదిలెయ్. ఇది ఎక్కువ తాగితే ఎక్కువ వచ్చే వ్యవహారం కాదు. కిలోకు 9 మి.గ్రా. ఇచ్చి చూసినా లాభం పెరగలేదు, ఇబ్బందులే పెరిగాయి.

అసలు ఈవెంట్ రోజు ఇంకో చిక్కుంది. బ్యాచ్ ఎప్పుడు పిలుస్తారో తెలియదు, గంటలు గంటలు కూర్చోవాలి. నిమిషాలు లెక్కపెట్టి కంగారు పడకు, పొద్దుగాల తాగిన కాఫీ మూడు నాలుగు గంటల దాకా ఎంతో కొంత పని చేస్తూనే ఉంటుంది. ఆలస్యమైందని మళ్లీ తాగకు. భయం వల్ల ఒంట్లో ఊరే అడ్రినలిన్ ఆ రోజు ఎట్లాగూ చాలా ఉంటుంది. ఇంకో మాట, కాఫీ కడుపును కదిలిస్తుంది, అక్కడ టాయిలెట్ల ముందు లైన్ ఎట్లుంటుందో ఊహించుకో. ట్రయల్స్‌లో వాడి చూడనిది ఆ రోజు మొదటిసారి నోట్లో పెట్టుకోవద్దు, ఎవరు ఇచ్చినా సరే.

మీ తమ్ముడు ఇంటర్ మొదటి సంవత్సరం, నిన్ను చూసి పరీక్షలప్పుడు ఆ సీసా పట్టాడని రాశావు. వాడికి వద్దు. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదని ఆ సీసా మీదే రాసి ఉంటుంది, తీసి వాడికే చదివించు. పరీక్ష ముందు రాత్రి మేలుకుని చదివింది గుర్తుండాలంటే ఆ రాత్రే కాసేపు నిద్రపోవాలి, ఈ సంగతి నీకంటే వాడికే తొందరగా అర్థమవుతుంది. నువ్వు ఫ్రిజ్‌లో పెట్టడం మానేస్తే సగం పని అయిపోయినట్టే. నెల తర్వాత నాలుగు రౌండ్ల టైములు విడివిడిగా రాసి పంపు, మొత్తం టైం ఒక్కటే పంపితే నాకు ఏమీ తెలియదు. హిమోగ్లోబిన్ అంకె కూడా దాని పక్కనే రాయి.